మూడు పేర్ల కింద హంసపాదు

ఆవిడ సంతాప సభలో పదకొండు మంది మాట్లాడారు. అందులో తొమ్మిది మంది గోంగూర పచ్చడి గురించి మాట్లాడారు. లివర్‌మోర్‌లోని ఆ ఫ్యూనరల్ హోమ్‌లో వెనక వరసలో కూర్చుని నేను చేయగలిగిన పని లెక్కపెట్టడం ఒక్కటే.

ఆవిడ చేతి గోంగూర, ఆవిడ ఆప్యాయత, చదువుకోవడానికి కొత్తగా దిగిన పిల్లల్ని ఎయిర్‌పోర్టు నుంచి తన కార్లో తెచ్చి అన్నం పెట్టడం. "మా అందరికీ అమ్మలాంటిది" అన్నారు. ఎవరికైనా అమ్మలా ఉండాలని ఆవిడ కోరుకున్నట్టు నాకు ఎన్నడూ తోచలేదు. 'ఆంటీ' అంటేనే మొహం చిట్లించేది. ఇక పచ్చడంటారా, నేనూ తిన్నాను. ఉప్పు ఎక్కువ, వెల్లుల్లి మాడ్చేసేది. పోయిన మనిషి గురించి చెడు చెప్పకూడదంటారు గానీ, అబద్ధం చెప్పమని మాత్రం ఎవరన్నారు?

నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళేసరికి సభ నడుపుతున్న ఆయన వాచీ చూసుకున్నాడు.

"టైమ్ అయిపోయిందండీ. పూజారి గారు వెయిట్ చేస్తున్నారు."

"రెండు నిమిషాలు."

"మీరు ఫ్యామిలీనా?"

"కాదు. ఆఫీసు."

"ఆఫీసా?" అని కళ్ళు పెద్దవి చేశాడు. "ఆంటీ జాబ్ చేశారా?"

చేసిందయ్యా. ఏడాదిన్నర చేసింది. ఇవాళ తెరమీద పుస్తకం చదువుతూ చదువుతూ ఎక్కడికో వెళ్ళి, మళ్ళీ చదువుతున్న చోటికి వేలి కొసతో తిరిగి వస్తున్నావే, ఆ రావడం వెనక ఆవిడ బుర్ర ఉంది. ఆ రెండు నిమిషాలు నాకు ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు ఎక్కువే తీసుకుంటాను.

*

మనిషిగా ఆవిడ పరిచయం కావడానికి ముందే ఆవిడ రాత పరిచయమైంది నాకు.

శాన్ రామన్‌లో మా కంపెనీ. తెరమీద పుస్తకాలు చదివించే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్ళం. చేతిలో ఇమిడే చదువు పలకలు అప్పుడప్పుడే జనంలోకి వస్తున్న రోజులు. పేజీ కనిపించే తెర మొత్తం నా బాధ్యత. నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళు, నాకు తెలియనిది లేదన్న నమ్మకం కూడా ఉండేది. ఒక సోమవారం పొద్దున్నే నా పేరు మీద ఒక బగ్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పు కనబడితే పరీక్షించేవాళ్ళు ఇలా రాసి పెడతారు. అది ఎవరు చేసిన తప్పైతే వాళ్ళ నెత్తిన పడుతుంది. మామూలుగా 'ఫలానా బటన్ నొక్కితే పని చేయడం లేదు' అని రెండు ముక్కలుంటాయి. ఇందులో ఉన్న ఇంగ్లీషుకి నా తెలుగు ఇది:

"నూట నలభయ్యో పేజీలో ఉన్నాను. ఇక్కడ వచ్చిన మేనత్త ఎవరో మర్చిపోయాను. కింద గీత మీద చుక్కని లాగి పన్నెండో పేజీకి వెళ్ళాను. మేనత్త దొరికింది. నేను తప్పిపోయాను. నేనెక్కడున్నాను?"

ఎవరో కొత్తవాళ్ళు వేళాకోళం చేస్తున్నారనుకుని, 'డిజైన్ ప్రకారమే పని చేస్తోంది' అని రాసి మూసేశాను. మర్నాడు తెరుచుకుంది. "డిజైన్ ప్రకారమే తప్పిపోయాను. తప్పిపోవడం మాత్రం నిజం." మళ్ళీ మూసేశాను. 'వెళ్ళే ముందు పేజీకి గుర్తు పెట్టుకోవచ్చు' అని సలహా కూడా పారేశాను. మళ్ళీ తెరుచుకుంది. "తప్పిపోతానని ముందే తెలిసినవాళ్ళు తప్పిపోరు."

నాలుగోసారి మూసి, ఐదోసారి తెరుచుకున్నాక, ఈ పోట్లాట మనిషితోనే పెట్టుకోవాలని లేచి వెళ్ళాను. పరీక్షించేవాళ్ళు కూర్చునే వరసలో చివరి కుర్చీ. చుట్టూ మాస్టర్స్ చేసి అప్పుడే ఉద్యోగాల్లో చేరిన కుర్రకారు. మధ్యలో యాభై అయిదు దాటిన ఆవిడ. చుడీదార్ మీద మగవాళ్ళ స్వెటరు, కాళ్ళకి పరుగు బూట్లు, ముడిలో గుచ్చిన పెన్సిలు. మెడలో కాంట్రాక్టు వాళ్ళ ఆకుపచ్చ బ్యాడ్జి.

"ఈ బగ్ మీరేనా?" అన్నాను ఇంగ్లీషులో.

"బగ్ నీది. నేను రాశానంతే," అంది తెలుగులో.

నేను నోరు తెరిచేలోపు సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "నిలబడే చదువు. ఎక్కడైనా సరే." ఏదో మధ్య పేజీ తీసి నాలుగు లైన్లు చదివాను. "ఇప్పుడు ఇందులో మొత్తం ఎన్ని పేజీలున్నాయో చూసి చెప్పు." వెనక్కి తిప్పి చూసి చెప్పాను.

"నీ ఎడమ చెయ్యి చూసుకో."

చూసుకున్నాను. నా చూపుడు వేలు నేను చదువుతున్న పేజీలోనే ఉంది.

"పెట్టమని నేను చెప్పానా?"

"లేదు."

"నువ్వు పెట్టాలనుకున్నావా?"

"లేదు."

"మరి నీ డిజైన్‌లో ఆ వేలు ఏది?"

నాకు జవాబు దొరకని సందర్భాలు నా జీవితంలో తక్కువ. మా ఆయన ఒప్పుకుంటారు. ఆ రోజు ఆ పుస్తకం ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

*

ఆవిడ విజయవాడలో ఒక అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దింది. ఇక్కడికి వచ్చాక ఫ్రీమాంట్‌లో పచారీ కొట్టు పైన గదిలో మూడు నెలల టెస్టింగ్ కోర్సు చేసింది. మన ఆడవాళ్ళు ఎంతమంది ఆ మెట్లెక్కారో లెక్కలేదు. అంతకు మించి ఆవిడ జీవిత చరిత్ర నాకు తెలియదు, అడగలేదు. ప్రూఫులు దిద్దిన చెయ్యి మాత్రం రోజూ కనిపించేది. ఏ కాగితం తన ముందు నుంచి దిద్దకుండా పోనిచ్చేది కాదు. గుడి క్యాంటీన్‌లో మెనూ కాగితం, క్యాలెండర్ వెనక ప్రకటన, మా హెచ్.ఆర్. వాళ్ళ పుట్టినరోజు శుభాకాంక్షలు, అన్నిటి మీదా ముడిలోంచి పెన్సిలు దిగేది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కుకి జానెడు దూరంలో కాగితం పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివేది. పుస్తకమైతే ఎడమ చేతి వేళ్ళు నాలుగూ నాలుగు చోట్ల దూర్చి, ఐదోది ఖాళీగా ఉంచుకునేది. "అదెందుకు ఖాళీ?" అంటే "కాఫీ కప్పుకి" అనేది.

నేను ఆఖరికి పంతం వదిలి తెర మీద ఒక బ్యాక్ బటన్ పెట్టాను. రెండు రోజుల పని. ఆవిడ మెచ్చుకుంటుందని ఎదురుచూశాను. మూడో రోజు బగ్ తెరుచుకుంది. మేనత్త దొరికిన చోట కథ బాగుండి అక్కడి నుంచే చదువుకుంటూ పోయిందట. గంట తర్వాత పొరపాటున బటన్ తగిలితే మళ్ళీ ఆ నూట నలభయ్యో పేజీకి విసిరేసిందట. కింద ఇంకో లైను: "వేలు పెట్టడం చంటిపిల్లలకి కూడా వచ్చు. ఎప్పుడు తీయాలన్నదే విషయం."

"ఎప్పుడు తీయాలి?" అని అడిగాను వెళ్ళి.

"నాకేం తెలుసు? చూడాలి."

చూసింది కూడా. శని, ఆదివారాలు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని జనం చేతుల కేసి చూసింది. రెండో వారం లైబ్రరీ నుంచి నాకు ఫోన్. ఒకావిడ పాఠకుల చేతులు తదేకంగా చూస్తోందనీ, అడిగితే 'వేళ్ళు ఎప్పుడు బయటికి వస్తాయో చూస్తున్నాను' అంటోందనీ, మీ నంబరు ఇచ్చిందనీ. పరుగెత్తాను. పిల్లల విభాగం పక్కన కుర్చీలో, ఇద్దరు ఉద్యోగుల మధ్య, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చునుంది.

"మీరు నాకు ముందు చెప్పాల్సింది," అన్నాను.

"ముందు చెప్తే వద్దనేదానివి."

నిజమే, వద్దనేదాన్ని. ఆ ఉద్యోగులకి పర్మనెంట్ వాళ్ళకిచ్చే నా నీలం బ్యాడ్జి చూపించి, ఇది సాఫ్ట్‌వేర్ పరిశోధన అని బల్లగుద్ది చెప్పి బయటికి తెచ్చాను. పార్కింగ్ లాట్‌లో కారుకి ఆనుకుని ఆ నోటుబుక్కు చదివాను. వంటల పుస్తకం వాళ్ళు వేలు తీయనే తీయరు. అపరాధ పరిశోధన వాళ్ళు ఆఖరి పేజీ చూసి తామే దొంగల్లా వెంటనే వెనక్కి వస్తారు. మిగతావాళ్ళు కొత్త చోట ఒక పేజీ తిప్పుతారు, రెండో పేజీ తిప్పుతారు, మూడో పేజీ తిప్పేలోపు వేలు జారిపోతుంది. "జారిందని వాళ్ళకే తెలియదు. ఇక్కడే ఉండిపోదామని మనసు అనుకున్న సంగతి ముందు వేలికి తెలుస్తుంది," అంది.

అక్కడి నుంచి పని నాది. తిరగేస్తున్నారో చదువుతున్నారో మిషన్‌కి ఎలా తెలియాలి? పేజీ మీద ఎంతసేపు ఆగారో, ఎంత నిలకడగా తిప్పుతున్నారో కొలిచి, దానికో పద్ధతి నేను తయారు చేశాను. దూకిన చోట తెర అంచున చిన్న మడత ఒకటి కనబడుతుంది, అది మీ వేలు. దాన్ని తాకితే వెనక్కి వస్తారు. కొత్త చోట కుదురుకుని చదవడం మొదలుపెడితే అది చప్పుడు లేకుండా మాయమవుతుంది. మడత గీసింది మా డిజైనర్. మేము చూపించిన రోజున గదిలో ఉన్నవాళ్ళంతా పుస్తకంలో ఇటూ అటూ దూకి, ఒక్కరు కూడా 'ఇదెలా వాడాలి' అని అడగలేదు. అంతకు మించిన మెప్పు మా వృత్తిలో లేదు.

ఆ ఏడాదే సినిమాలు కూడా మా తెర మీదికి తెచ్చే ప్రయత్నం జరిగింది. సినిమా ఆపి, లేచి వెళ్ళి, తిరిగొచ్చి మొదలుపెడితే ఆగిన చోట కాకుండా కొన్ని క్షణాల ముందు నుంచి రావాలని మీటింగ్‌లో ఆవిడే అంది. అందరూ బల్లలు చరిచారు. మా డైరెక్టర్ ప్రసాద్, గుంటూరు మనిషి, "ఇది కూడా మీదేనా మేడమ్?" అన్నాడు నవ్వుతూ.

"నాది కాదు. మా ఆయనది. వీసీఆర్ రోజుల నుంచీ వంటింట్లోంచి నీళ్ళు తాగొచ్చి 'కొంచెం వెనక్కి పెట్టవే' అంటాడు. ఆయన పేరు రాసుకోండి."

ప్రసాద్ ఇంకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. భర్త పేరు, ఇంటిపేరుతో సహా, కాగితం మీద రాసి ప్రసాద్ ముందుకి తోసింది.

*

వేలు సంగతి పేటెంట్‌కి పెడదామన్నాడు ప్రసాద్. దానికో ఫారం ఉంటుంది, ఎవరెవరు కనిపెట్టారో రాయాలి. ఆ ఫారం నింపింది నేనే. ప్రసాద్, నేను, డిజైనర్. మూడు పేర్లు. ఆవిడ పేరు కావాలని వదిలేశానా అంటే, గుర్తే రాలేదు. కావాలని వదిలేసి ఉంటే కాస్త నయంగా ఉండేది, కనీసం పోట్లాడుకోవడానికి ఒక కారణం ఉండేది. ఆకుపచ్చ బ్యాడ్జి వాళ్ళు తప్పులు పట్టుకుంటారు, నీలం బ్యాడ్జి వాళ్ళు కనిపెడతారు. అంత లోతుగా దిగిపోయింది నాలో అది.

ప్రింటర్ దగ్గర ఆ కాగితం ఆవిడ కంట పడింది. పడ్డాక ఊరుకుంటుందా? మధ్యాహ్నం నా బల్ల మీదికి వచ్చింది కాగితం. స్పెల్లింగులు రెండు సున్నా చుట్టి ఉన్నాయి. ఒక కామా చేరింది. మూడు పేర్ల కింద, మూడో పేరు అయిపోయిన చోట, పెన్సిల్‌తో ఒక హంసపాదు. ప్రూఫులు దిద్దేవాళ్ళు వాక్యంలో మాట ఎగిరిపోయిన చోట పెట్టే గుర్తు అది. దాని పక్కన ఏమీ రాయలేదు. ఊరికే నిలబడింది.

"ఏదో వదిలేశారు ఇక్కడ," అంది.

ఆ కాగితం పట్టుకుని తిన్నగా ప్రసాద్ గదికి వెళ్ళాను.

"సుధ గారూ, కాంట్రాక్టర్‌ని ఇన్వెంటర్‌గా పెడితే లీగల్ వాళ్ళు నన్ను చంపేస్తారండి. ఆవిడ ఎంప్లాయర్ ఎవరు? ఆ కన్సల్టెన్సీ వాడు. రేపు వాడొచ్చి పేటెంట్‌లో షేర్ అడుగుతాడు."

"అడక్కుండా ముందే సంతకం పెట్టించుకోండి. ఆవిడని వదిలేస్తే, కనిపెట్టిన మనిషి పేరే లేదని ఎవరైనా కోర్టుకెళ్తే మొత్తం పేటెంటే ఎగిరిపోతుంది. అప్పుడెవరు ఎవర్ని చంపుతారో చూద్దాం."

"మీరు లాయరా?"

"కాదు, చదవడం వచ్చు. ఫారం వెనక పేజీలో ఉంది. మీరు వెనక పేజీలు చదవరు."

ఆయన లేచి తలుపు మూశాడు. గొంతు తగ్గించాడు. "అదొక్కటే కాదండి. పేరు పెడితే లాయర్ ఆవిడతో ఫోన్లో మాట్లాడతాడు. ఐడియా ఎలా వచ్చింది, బ్యాక్‌గ్రౌండ్ ఏంటి అంటాడు. ఆవిడ రెజ్యూమె చూశారా మీరు?"

చూపించాడు. ఆరేళ్ళ టెస్టింగ్ అనుభవం, రెండు పెద్ద కంపెనీల్లో. మన కన్సల్టెన్సీల్లో రెజ్యూమెలు ఎలా వండుతారో మనకి తెలియనిదా? ఆవిడ గడప తొక్కని ఆఫీసులు, ఆవిడ పేరు వినని మేనేజర్లు.

"ఆవిడ నోరు విప్పితే కాంట్రాక్టు పోతుందండి. అది బయటపడ్డాక నేను కళ్ళు మూసుకోలేను. వాళ్ళాయనకి కూడా ఇప్పుడు జాబ్ లేదంట కదా. ఆవిడ మంచికే చెప్తున్నా, వదిలేయండి."

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఆ 'మంచికే' దగ్గర. కానీ అందులో నిజం లేకపోలేదు. ఉద్యోగాలు ఊడుతున్న రోజులవి. వాళ్ళింట్లో అప్పుడు ఆవిడదొక్కటే జీతం.

మర్నాడు లంచ్‌లో ఆ రెజ్యూమె ఆవిడ ముందు పెట్టాను. పెరుగన్నం డబ్బా పక్కకి జరిపి, కళ్ళజోడు పైకి తోసి, మొదటి అక్షరం నుంచి చదివింది. కన్సల్టెన్సీ వాడు 'అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్' అన్నాడట. ఆ కాగితం చూడటం అదే మొదలు. లేని కంపెనీల దగ్గర పెన్సిలు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. చివరిదాకా వెళ్ళి, కాగితం తిప్పి వెనక వైపు చూసి, మళ్ళీ ముందుకి తిప్పింది.

"అచ్చాఫీసు ఏది?"

"లేదండీ. తీసేశారు."

పెన్సిలు బల్ల మీద పెట్టింది. "లేనివి పెట్టారు, సరే, అబద్ధాలకోర్లు. ఉన్నది తీసేశారేం? ఇరవై రెండేళ్ళు! నేనక్కడ ఏం చేశాననుకున్నారు, నిద్రపోయాననా?"

"లాయర్‌కి ఫోన్లో ఏం చెప్తారో ఆలోచించుకోండి," అన్నాను. "ఉద్యోగం పోతుంది. పేరు వద్దంటే నేను ఏమీ అనుకోను."

"నువ్వు అనుకోకపోవడం కోసం నేను ఉద్యోగం చేస్తున్నానా?" అని పెరుగన్నం డబ్బా దగ్గరికి లాక్కుంది.

*

ఆవిడ పేరు వద్దనలేదని చెప్పాక, లాయర్‌తో ఫోన్ ఏర్పాటు చేయక ప్రసాద్‌కి తప్పలేదు. చిన్న మీటింగ్ గది. బల్ల మధ్యలో స్పీకర్ ఫోను. ఒక పక్క ప్రసాద్, ఒక పక్క నేను, ఎదురుగా ఆవిడ. లాయర్ గొంతు మర్యాదగా, పొడిగా ఉంది. ఈ ఆలోచన మీకు ఎలా వచ్చిందో మీ మాటల్లో చెప్పండి అన్నాడు.

ఆవిడ ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు. ఒక్క వాక్యం కూడా సగంలో వదలదు. "ముందు ఒక విషయం. నాకు టెస్టింగ్‌లో ఆరేళ్ళ అనుభవం ఉందని ఈ కంపెనీ దగ్గర ఒక కాగితం ఉంది. అది నేను రాయలేదు. మొన్ననే చూశాను. నాకున్నది మూడు నెలల కోర్సు. ఈ ఆలోచన నాకు అక్కడ రాలేదు. విజయవాడలో ఒక అచ్చాఫీసులో వచ్చింది. అక్కడ ఇరవై రెండేళ్ళు నా ఎడమ చెయ్యి పుస్తకాల్లోనే ఉంది."

ప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

"మీ రెజ్యూమెతో నాకు పని లేదండి," అన్నాడు లాయర్. "నాకు కావలసింది ఒకటే. గుర్తు ఎప్పుడు మాయమవ్వాలన్న నియమం ఎవరిది?"

ఆవిడ నా వైపు చూసింది. అడుగుతున్నట్టు కాదు, ప్రూఫు కాగితం తిరిగి నా చేతికిచ్చి ఊరుకున్నట్టు.

"ఆవిడదే," అన్నాను. "పూర్తిగా ఆవిడది."

"చదువుతున్నారా, తిరగేస్తున్నారా అని యంత్రం గుర్తుపట్టే పద్ధతి?"

"అది ఈ అమ్మాయిది," అంది ఆవిడ. "నాలుగుసార్లు నా మొహం మీద తలుపేసింది. కానీ ఆ పద్ధతి మాత్రం తనే కనిపెట్టింది. అందులో నా సాయం ఏమీ లేదు."

"తెర మీది మడత?"

"డిజైనర్‌ది."

"ఫారంలో ఇంకో పేరుంది. డైరెక్టర్ గారు."

ఆవిడ ప్రసాద్ వైపు తిరిగింది. చాలా మర్యాదగా, "ఆయన ఇక్కడే ఉన్నారు. ఆయన ఏం కనిపెట్టారో ఆయన్నే అడగండి," అంది.

ప్రసాద్ చెడ్డవాడు కాడు. అది కూడా రాయాలి. గొంతు సవరించుకుని, "నేను ప్రాజెక్ట్ మేనేజ్ చేశానంతే. నా పేరు తీసేయండి," అన్నాడు. అలా మూడు పేర్లు మూడుగానే ఉన్నాయి.

రెండు వారాల్లో ఆవిడ కాంట్రాక్టు ముగిసింది. కాగితం మీద ఏవో ఖర్చుల తగ్గింపులని రాశారు. అసలు కారణం ప్రసాద్‌కి తెలుసు, నాకు తెలుసు. ఆవిడకి ఫోన్లో మొదటి వాక్యం మొదలుపెట్టకముందే తెలుసు. బల్ల ఖాళీ చేసిన రోజు కుర్రకారంతా చుట్టూ చేరి "ఆంటీ, మిస్ యూ" అంటుంటే, "ఆఫీసులో ఆంటీ ఏమిట్రా?" అని ఆఖరిసారి కూడా కసిరి వెళ్ళింది.

*

మరో నెలకి పేటెంట్ కాగితాలు తయారయ్యాయి. కనిపెట్టిన ముగ్గురూ సంతకం చేయాలి. ప్రసాద్ ఆ కట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మీరే తీసుకెళ్ళండి. నా మొహం చూస్తే ఆవిడ పెట్టదు. ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా లాయర్‌కి స్కాన్ చేసి పంపాలి."

పదకొండింటికి వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి చేరాను. వాళ్ళాయన సోఫాలో సినిమా చూస్తున్నారు. ఆవిడ టీ ఇచ్చి, భోజనం బల్ల తుడిచి, ఆ కట్ట ముందు పెట్టుకుని కూర్చుంది.

"ఆఖరి పేజీలో సంతకమండీ," అన్నాను.

"ముందు పేజీలు ఎందుకిచ్చారు మరి?"

చదివింది. ముప్ఫై పైచిలుకు పేజీలు, లాయర్ల ఇంగ్లీషు. పన్నెండయింది. ఒంటిగంటయింది. వాళ్ళాయన లేచి మా ఇద్దరికీ అన్నం వడ్డించారు. ఆవిడ ఎడమ చెయ్యి కాగితాల్లోంచి తీయకుండా తింది. రెండింటికి పెన్సిలు దిగింది.

"ఈ నాలుగో బొమ్మ తప్పు."

"ఏం తప్పండీ?"

"ముందుకి, ఇంకా చదవని పేజీలకి దూకినప్పుడు మనం వదిలిన చోటు ఎడమ పక్కన ఉంటుంది. వేలు ఎడమ అంచున ఉండాలి. వీళ్ళు కుడి పక్కన గీశారు. ఇది గీసినవాడు జన్మలో పుస్తకం పట్టుకున్నట్టు లేదు."

నేను చూశాను. నిజమే. ఇదే కట్ట నేను రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. డిజైనర్ పెట్టాడు. లాయర్ చూశాడు.

"సంతకం చేసేయండి, తర్వాత దిద్దించుకోవచ్చేమో," అన్నాను.

"తప్పు ఉన్నదాని కింద నా పేరు పెట్టను."

"ఇవాళ వెళ్ళకపోతే ఇది మొత్తానికే ఆగిపోవచ్చు. ఇంత పోగొట్టుకున్నారు దీని కోసం!"

"అందుకేగా."

ప్రసాద్‌కి ఫోన్ చేశాను. అవతల కుర్చీ లాగిన చప్పుడు కూడా వినిపించింది. "సుధ గారూ, చిన్న బొమ్మండి అది! ఎవరు చూస్తారు? ప్లీజ్, ఎలాగైనా కన్విన్స్ చేయండి!" ఫోన్ అంత దూరం నుంచీ అరుస్తోంది. ఆవిడ చెయ్యి చాపి నా దగ్గర్నుంచి తీసుకుంది.

"బాబూ, నేనిప్పుడు మీ ఆఫీసులో పని చేయడం లేదు. నాకు తొందర లేదు. బొమ్మ దిద్దించి పంపు," అని నాకు తిరిగిచ్చేసింది.

మూడున్నరకి ఒకటి వచ్చింది. వాళ్ళాయన కంప్యూటర్లో తెరిచి ప్రింటు తీశారు. వేలు ఎడమ పక్కకి వచ్చింది గానీ, కింద రాసిన వివరంలో 'కుడి' అలాగే ఉంది. తిప్పి పంపించింది. నాలుగుంబావుకి రెండోది వచ్చింది. చదివింది. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి. నేను గడియారం చూసుకుంటున్నాను. అప్పుడు పెన్సిలు ముడిలో గుచ్చి, నా దగ్గర కలం అడిగి తీసుకుని, తొందర లేకుండా, ఇంటిపేరు పొల్లు పోకుండా పూర్తిగా రాసి సంతకం చేసింది.

కాగితాలు సర్దుకుంటుంటే నా నోరు ఊరుకోలేదు. మెచ్చుకోలు కావాలనిపించింది కాబోలు. "మీ పేరు పెట్టించడానికి నేను ఎంతమందితో గొడవపడ్డానో మీకు తెలియదండీ," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. కోపం లేదు. "పెట్టించావని ఎక్కడా అనకు, సుధా. వదిలేసింది నువ్వు. దిద్దింది నేను. తప్పు ఒప్పుకుని సాక్ష్యం చెప్పావు, అది మంచి పని. అంతవరకే చెప్పుకో."

అంతవరకే చెప్పాను. ఆవిడ పేరు ఈ వ్యాసంలో లేదని ఎవరైనా అడగవచ్చు. నేను రాయను. ఒకసారి నా చేతులతో వదిలేసిన పేరుని ఇప్పుడు నేనే దయతలచి అచ్చువేసినట్టు ఉంటుంది. పేటెంట్ కాగితం మీద మూడో వరసలో, ఆవిడ తన కళ్ళతో సరిచూసుకున్న అక్షరాల్లో, అది ఎలా ఉండాలో అలా ఉంది. వెళ్ళి చదువుకోండి.